ఆ జాబితాలో బతికున్న మాటలూ ఉన్నాయి, పోవలసిన మాటలూ ఉన్నాయి

ఈ నెలలో నాలుగోసారి అదే వాట్సాప్ సందేశం నాకు వచ్చింది. ఇంగ్లీషు చదువులు చంపేసిన వంద అచ్చతెలుగు మాటలివి, పిల్లలకు నేర్పి సంస్కృతిని కాపాడండి అన్నది దాని సారాంశం. పంపినవారందరూ నాకు కావలసినవారే. కాని ఒక్కరైనా ఆ జాబితాను చివరిదాకా చదివినట్టు లేదు.

అచ్చతెలుగు అన్న మాట మొదటి వరుసలోనే నిలవదు. అలమారా, బొత్తాం, ఇస్త్రీ పోర్చుగీసు నుంచి వచ్చాయి. దస్తావేజు, జాబు పారశీకం మీదుగా వచ్చాయి. దీని మీద ఇంతకు మించి చెప్పవలసింది లేదు.

అణా, బేడ, వీశె, మణుగు వంటివాటిని ఇంగ్లీషు చంపిందనడం తప్పు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు పైసల లెక్క మొదలయ్యాక అణాలు పోయాయి. మరికొన్నేళ్లకు వీశెల చోటికి కిలోలు వచ్చాయి. అయినా పదహారణాల తెలుగమ్మాయి అని ఇప్పటికీ అంటూనే ఉన్నాం. పావలా బిళ్ల 2011లో చెల్లకుండా పోయినా, పావలా వడ్డీ అంటే ఏడాదికి మూడు శాతమని గుంటూరు జిల్లా పొదుపు సంఘాల మహిళలకు ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. చచ్చిన మాటల్లో 'మూర'ను కూడా చేర్చారు. నిన్న సాయంత్రం విజయవాడ బీసెంట్ రోడ్డులో మల్లెలమ్మే ఆమె దండ కొసను మోచేతికి ఆనించి, నడివేలి చివరిదాకా లాగి పట్టి, "రెండు మూరలు సరిపోతాయా అమ్మా?" అని నన్ను అడిగింది. జాబితా రాసినవారు పూలు కొని ఎన్నాళ్లయిందో!

నాకు నిజంగా కోపం తెప్పించినది వేరే ఉంది. జాబితా నడుమ, మన పెద్దల నుడికారం అంటూ గొడ్రాలు, ముండమోపి అనే మాటలను కూడా చేర్చారు. భర్త పోయిన స్త్రీకి తల గొరిగించి, ఆ గుండునే ఆమెకు పేరుగా తగిలించిన మాట ఈ ముండమోపి. మా అమ్మమ్మ చెల్లెలికి పదహారో ఏటనే భర్త పోయాడు. ఇంట్లో పెళ్లి జరిగితే ఆవిడ వెనుక వసారాలో కూర్చుని అరిటాకులు తుడిచేది. పెళ్లికూతురు బయటికి వచ్చే వేళకు ఎవరూ చెప్పకుండానే తలుపు చాటుకు తప్పుకునేది. ఆవిడను ఆ మాటతో పిలిచినవారు పరాయివారు కాదు, ఆ ఇంటి పెద్దలే. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించిన నాటి నుంచి ఎందరో నిందలు మోసి పోరాడితేనే ఈ మాట పలకడానికి సిగ్గుపడే స్థితికి వచ్చాం. పాత పుస్తకాలు చదివేవారి కోసం అది నిఘంటువులో ఉండాలి, ఉంటుంది. పిల్లలకు నేర్పమంటున్నారే, ఏ పిల్లకు నేర్పుతారు? మీ కూతురికా, మీ మనవరాలికా?

ఒక్కచోట మాత్రం ఆ సందేశాన్ని ఒప్పుకుంటాను. తొలిజాము, బారెడు పొద్దు, మునిమాపు పోయాయని అందులో రాశారు. అవి అణాల వంటివి కావు. ఆ వేళలు ఎక్కడికీ పోలేదు. ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణ నీళ్ల మీద పొద్దు రోజూ గూకుతూనే ఉంది, మేమే దానిని ఈవెనింగ్ అంటున్నాం. బారెడు పొద్దు అంటే ఎంత అని మా అబ్బాయి అడిగితే తూర్పుకేసి చేతులు బారచాచి చూపించాను. వాడు ఒక క్షణం చూసి, "ఎనిమిదవుతుందా?" అన్నాడు.