జాజ్‌ను కనిపెట్టింది పురపాలక సంఘమే

జాజ్ సంగీతాన్ని ఎవరు కనిపెట్టారన్న తగవు దాదాపు వందేళ్లుగా తెమలడం లేదు. హక్కుదారులకు మాత్రం కొదవ లేదు. 1938లో ఒక రేడియో కార్యక్రమం ఈ ఘనతను వేరొకరికి కట్టబెట్టిందని తెలిసి జెల్లీ రోల్ మోర్టన్ భగ్గుమన్నాడు. ఆయన పంటిలో వజ్రం పొదిగించుకున్న పియానో విద్వాంసుడు. 1902లో జాజ్‌ను సృష్టించింది సాక్షాత్తూ తానేనని సుదీర్ఘమైన లేఖ రాశాడు. చర్చిలో ఉన్న జ్ఞానస్నానపు నమోదును బట్టి లెక్క కడితే అప్పటికి ఆ సృష్టికర్తకు పన్నెండేళ్లు. మరోవైపు కార్నెట్ అనే చిన్న బాకా వాయించే నిక్ లరోకా అనే తెల్లజాతి వాద్యకారుడు, ఇది తాము చేసిందేననీ నల్లవాళ్లకు ఇందులో పాత్రే లేదనీ బతికినంత కాలం ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు.

నేను ఇద్దరి పక్షమూ కాదు. తేదీ, సంతకం, రాజముద్ర ఉన్న కాగితం ఎవరి దగ్గర ఉంటే వాళ్ల పక్షం. అలాంటి కాగితాలను వరుసగా పేర్చి చూసిన మీదట, జాజ్‌ను కనిపెట్టింది న్యూ ఆర్లీన్స్ నగరపాలకులేనని సవినయంగా తేల్చి చెబుతున్నాను. ఆ నగరమున్న లూసియానా రాష్ట్రపు శాసనసభ, పోలీసు శాఖ, అమెరికా నౌకాదళం వారికి చేదోడు వాదోడుగా నిలిచాయి. వాద్యకారులు కూడా తమ వంతు సాయం చేశారు, కాదనను.

మొదటి కాగితం 1817 నాటిది. బానిసలు ఆటపాటలకు గుమిగూడాలంటే ఆదివారం నాడే గుమిగూడాలి, అదీ మేయరు చూపించిన చోటే. మేయరు చూపించిన చోటు ఊరి వెనకాల ఒక ఖాళీ మైదానం. కాంగో స్క్వేర్ అని దానికి పేరు స్థిరపడింది. ఇక్కడే పాలకుల ముందుచూపును మెచ్చుకోవాలి. డప్పు మోగితే తిరుగుబాటు లేస్తుందని హడలిపోయిన దక్షిణ కెరొలైనా వాళ్లు 1740లోనే బానిసల చేతుల్లోంచి డప్పులు లాగేసుకున్నారు. న్యూ ఆర్లీన్స్ వాళ్లు అంత కఠినాత్ములు కారు. ఊరంతా చెదిరి ఉన్న చప్పుడును తెచ్చి ఒక్కచోట కుప్ప పోశారు. పశ్చిమాఫ్రికా వాళ్లొకవైపు, కాంగో వాళ్లొకవైపు, కరీబియన్ దీవుల నుంచి వచ్చినవాళ్లొకవైపు వలయాలు కట్టి ఆడుతుంటే పక్కవాళ్ల తాళం చెవిన పడకుండా ఉంటుందా? సంగీత కళాశాల కట్టాలంటే ఎంత ఖర్చు! వీరు ఒక్క ఉత్తర్వుతో, ఒక్క డాలరు ఖర్చు లేకుండా పని కానిచ్చారు.

1819లో ఆ ఊరికి నీటి సరఫరా పనుల మీద వచ్చిన ఇంజనీరు బెంజమిన్ లాట్రోబ్ ఒక ఆదివారం అటుగా వెళ్లి అయిదారు వందల మందిని చూశాడు. ఇంత మొరటుదీ, ఇంత విసుగు పుట్టించేదీ తానెన్నడూ చూడలేదని డైరీలో రాసుకున్నాడు. రాసుకున్నవాడు ఊరుకోలేదు, వాళ్ల డప్పులనూ తీగల వాద్యాన్నీ శ్రద్ధగా బొమ్మలు గీశాడు. ఆ వాద్యాలు ఎలా ఉండేవో ఇవాళ మనకు తెలిసింది ఆ విసుగు పుణ్యమే.

రెండో కాగితం 1890లో రాష్ట్రం చేసిన రైలు పెట్టెల చట్టం. కెనాల్ వీధికి ఒక పక్క నల్ల, తెల్ల రక్తాలు కలిసిన క్రియోళ్లుండేవారు. ఫ్రెంచి మాట్లాడతారు, ఒపెరాకు వెళతారు, స్వరం కాగితం మీద లేనిదే క్లారినెట్ ముట్టరు. అవతలి పక్క తోటల నుంచి వచ్చి చేరిన నల్లవాళ్లు. వాళ్లకు కాగితంతో పనిలేదు. చర్చిలో విన్నది, రేవులో విన్నది, గొంతులో ఉన్నది బాకాలోంచి బయటికి తీస్తారు. ఈ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టడం ఏ నారదుడి వల్లా అయ్యేది కాదు. శాసనసభ వల్ల అయింది. తెల్లవాళ్ల పెట్టె వేరు, మిగిలినవాళ్లందరి పెట్టె వేరు అన్నారు. హోమర్ ప్లెసీ అనే క్రియోల్ 1892లో తెల్లవాళ్ల పెట్టెలో కూర్చుని అరెస్టయ్యాడు. నాలుగేళ్లు కేసు నడిచాక, అంతా సక్రమంగానే ఉందని సుప్రీంకోర్టు ముద్ర వేసింది. ముత్తాతల్లో ఎందరు ఫ్రెంచివాళ్లయినా సరే, చట్టం దృష్టిలో క్రియోల్ కూడా నల్లవాడే. కచేరీలూ కొలువులూ తగ్గిపోయాక, పొట్ట గడవాలంటే కెనాల్ వీధి దాటి ఆ మోటు వాయింపే వాయించక తప్పలేదని తర్వాతి రోజుల్లో ఒక క్రియోల్ వయొలిన్ విద్వాంసుడు వాపోయాడు. ఆయన బాధ ఆయనది. ఒకరి చేతిలో శాస్త్రం, ఇంకొకరి చేతిలో ప్రాణం ఉంటే రెండింటినీ ఒకే పెట్టెలోకి తోసింది మాత్రం శాసనసభ. వ్యవహారం అంత సూటిగా జరగలేదని కొందరు చరిత్రకారులంటారు. వాళ్లు ఎప్పుడూ అలాగే అంటారు.

1897 నాటి మూడో కాగితం మీద నాకు ప్రత్యేకమైన మమకారం ఉంది. సిడ్నీ స్టోరీ అనే నగరసభ సభ్యుడు పరమ నిష్ఠాపరుడు. వ్యభిచారం ఊరంతా పాకకుండా కొన్ని వీధులకే పరిమితం చేయాలని ఉత్తర్వు రాయించాడు. జనం కృతజ్ఞత తెలిసినవాళ్లు. ఆ వీధులకు స్టోరీవిల్ అని ఆయన పేరే పెట్టారు. ఆ మర్యాదకు ఆయన ఎంత కుమిలిపోయినా ఆ పేరు ఇరవై ఏళ్లు ఊరి నోట నానింది. చరిత్రలో పేరు మిగలాలని తపించే పురపాలకులందరూ ఆయన్ను తలుచుకోవాలి. ఆ ఇళ్లలో పియానో వాయించేవాళ్లను ప్రొఫెసర్లని పిలిచేవారు. మన మోర్టన్ అక్కడ ప్రొఫెసరే. పక్కనున్న సారాకొట్లలో, నాట్యశాలల్లో బ్యాండుమేళాలకు చేతినిండా పని. ఒకే ఉత్తర్వుతో నీతినీ ఉపాధినీ కాపాడిన స్థానిక సంస్థ నాకు మరొకటి తెలియదు.

పోలీసు శాఖ సేవ కూడా తక్కువది కాదు. 1912 డిసెంబరు 31 రాత్రి ఒక పిల్లవాడు సరదాకు ఆకాశంలోకి పిస్తోలు పేల్చాడు. పోలీసులు పట్టుకెళ్లి నల్లజాతి బాలల సంస్కరణాలయంలో పడేశారు. అక్కడ పీటర్ డేవిస్ అనే మాస్టారు మొదట కంజీర లాంటి టాంబరిన్ ఇచ్చి, తర్వాత డ్రమ్ము, ఆ తర్వాత కార్నెట్ చేతికిచ్చి బ్యాండుకు నాయకుణ్ణి చేశాడు. పిల్లవాడి పేరు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. అరెస్టుకు ముందే వాడి దగ్గర బాకా ఉండేదని కొందరు సన్నాయి నొక్కులు నొక్కుతారు. ఉంటే ఉండవచ్చు. ప్రభుత్వ ఖర్చుతో సాధన చేసే వీలు ఉండేదా?

1917లో నౌకాదళం రంగప్రవేశం చేసింది. యుద్ధానికి పోయే నావికుల శీలం చెడుతోందని స్టోరీవిల్‌ను మూయించింది. మేయరు మార్టిన్ బెర్మన్ వాషింగ్టన్ దాకా వెళ్లి బతిమాలినా వినలేదు. మరుసటి ఏడు కింగ్ ఆలివర్ అనే కార్నెట్ వాద్యకారుడు షికాగో రైలెక్కాడు, 1922లో ఆర్మ్‌స్ట్రాంగ్‌ను పిలిపించుకున్నాడు. ఆ మరుసటి ఏడు ఇండియానాలోని రిచ్‌మండ్‌లో, రైలు పట్టాల పక్కనే ఉన్న స్టూడియోలో, ఇద్దరూ కలిసి రికార్డులిచ్చారు. సంగీతాన్ని ఊరు దాటించడానికి సైన్యాన్ని వినియోగించిన దేశాలు ఎన్ని ఉన్నాయి చెప్పండి?

అంతకు ముందే, 1917 ఫిబ్రవరి 26న, లరోకా బృందం న్యూయార్క్‌లో తొలి జాజ్ రికార్డు చేసింది. అందులో క్లారినెట్ కోడిపుంజులా కూస్తుంది, కార్నెట్ గుర్రంలా సకిలిస్తుంది, ట్రాంబోన్ ఆవులా అంబా అంటుంది. ఈ పశుశాల ఎవరిదన్న తగవు షికాగోలో కోర్టుకెక్కితే, ఇది ఎవరి సొత్తూ కాదని జడ్జిగారు కొట్టేశారు. ఎవరి సొత్తూ కానిది ఎవరికి చెందుతుంది? ప్రభుత్వానికే గదా!

ఇంత చేసిన నగరం మాత్రం వినయం కొద్దీ దాన్ని ఒప్పుకోలేదు. 1918 జూన్‌లో ఆ ఊరి ప్రధాన దినపత్రిక సంపాదకీయం రాస్తూ, ఈ సంగీతపు దురలవాటు తమ ఊళ్లో పుట్టిందని లోకం అనుకుంటోందనీ, పితృత్వాన్ని తాము అంగీకరించడం లేదనీ ప్రకటించింది. చవకబారు నవలతో, నూనె ఓడుతున్న డోనట్‌తో దాన్ని పోల్చింది. 1956లో రాష్ట్రం ఇంకో కాగితం తీసింది. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి ఒకే వేదికెక్కరాదని. ఆర్మ్‌స్ట్రాంగ్ బృందంలో ఇద్దరూ ఉన్నారు. ఆయన 1965 దాకా సొంత ఊళ్లో బాకా పట్టలేదు. 2001లో విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. ఊరు వదిలి ఎగిరిపోయే చోటుకు ఆయన పేరు పెట్టాలని ఎవరికి తట్టిందో గానీ, వాళ్లకు చరిత్ర బాగా తెలుసు.

ఒక్క కాగితం దగ్గర మాత్రం నా సిద్ధాంతం కాస్త కుంటుతుంది. అది 1907 నాటిది. బడ్డీ బోల్డెన్ అనే కార్నెట్ వాద్యకారుడికి మతి చలించిందని జాక్సన్ పట్టణంలోని పిచ్చాసుపత్రికి అప్పగించిన కాగితం. అందరికంటే ముందు ఆ వాయింపు వాయించింది అతడేనని ఆ ఊరి పాతకాపులు చెప్పేవారు. అతడు బాకా ఎత్తితే మైళ్ల దూరం వినిపించేదనీ చెప్పేవారు. ముప్పై నిండకముందే లోపలికి వెళ్లి, ఇరవై నాలుగేళ్లు అక్కడే ఉండి, 1931లో పోయాడు. పేదల శ్మశానంలో గుర్తు లేని గోతిలో పూడ్చారు. ఒక్క రికార్డు కూడా దొరకలేదు. బృందంతో దిగిన ఒకే ఒక్క ఫొటో ఉంది. దాన్ని ఒకవైపు నుంచి అచ్చు వేస్తే గిటారు, బాస్ పట్టుకున్నవాళ్లు ఎడమచేతివాటం వాళ్లయిపోతారు. తిప్పి వేస్తే క్లారినెట్ల మీద చేతులు తారుమారవుతాయి. ఏది సరైన వైపో పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. ఆసుపత్రి కాగితాన్ని ఎటు తిప్పి చదవాలో మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు.