డెలావేర్ ఒడ్డున ఒక తీరు, తలకోనలో ఇంకో తీరు

అమెరికా నుంచి మన సంఘం తిరుపతి వైపు వెళ్ళొచ్చిన సంక్రాంతి యాత్ర ఫొటోలు గత సంచికలో అందరూ చూసే ఉంటారు. అలిపిరి మెట్ల దగ్గర పసుపు టీషర్టులు, తిరుచానూరు గుడి ముందు పట్టుచీరలు, చంద్రగిరి కోటలో పిల్లలు, చివర్న తలకోన జలపాతం ముందు మన సంఘం బ్యానర్. ఆ చివరి ఫొటో తీశాక అక్కడ ఏం జరిగిందో ఏ పేజీలోనూ లేదు. కార్యవర్గంలో పెద్దలకు చెప్పాను. "పోనీలేమ్మా, అందరూ సంతోషంగా వెళ్ళొచ్చారు కదా" అన్నారు. నాకు పోనివ్వబుద్ధి కావడం లేదు. నేను తిరుపతిలో పుట్టి పెరిగినదాన్ని. ఆ అడవి నాకు పుట్టింటి వరస.

భాకరాపేట మీదుగా నేరబైలు చేరి, సిద్ధేశ్వరస్వామి దర్శనం చేసుకొని, గుడి దాటాక ఏటి పక్కన చదునుగా ఉన్న చోట భోజనాలు పెట్టించారు. ఈశాన్య రుతుపవనాల వానలు అయిపోయిన కొత్త. ఏరు నిండుగా పారుతోంది. ఎండ కూడా హాయిగా ఉంది. పులిహోర, వడ, పొంగలి అన్నీ బాగానే ఉన్నాయి. వడ్డించింది మాత్రం థర్మోకోల్ ప్లేట్లలో. ప్లాస్టిక్ చెంచాలు, మనిషికి రెండేసి నీళ్ళ సీసాలు. దేశమంతటా ఆ ప్లేట్లు, చెంచాలు 2022 జులై 1 నుంచి నిషేధం. అంతలో ఎవరో స్పీకర్ బయటికి తీశారు. అంత్యాక్షరితో మొదలై డాన్సు పాటల దాకా వెళ్ళింది. బ్యానర్ నిలబడడం లేదని చెట్టుకు మేకు కొట్టారు. రెండో కొసను ప్లాస్టిక్ తాడుతో ఇంకో చెట్టు వేరుకు బిగించి కట్టారు.

బయల్దేరే వేళకు కోతులు దిగాయి. మూటగట్టి పెట్టిన చెత్తసంచుల్ని చించి, ప్లేట్లను ఏటిదాకా లాక్కెళ్ళాయి. "క్యాటరింగ్ వాళ్ళు చూసుకుంటారు, టైమైపోతోంది" అని అందరూ బస్సులెక్కారు. క్యాటరింగ్ వ్యాను అప్పటికే వెళ్ళిపోయింది. మాకు దారి చూపించిన నేరబైలు పిల్లోడు కొడవలి మొనతో ఆ తాడు ముడి విప్పుతున్నాడు. బెరడు ఒరుసుకుపోయి లోపలి ఎర్రటి చెక్క కనిపిస్తోంది. నేనూ ఇంకో ఇద్దరూ ప్లేట్లు ఏరుతుంటే తలెత్తి అడిగాడు: "అక్కా, ఆడ గూడా ఇట్నే చేస్తారా?"

గొంతులో వెటకారం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

"లేదు నాయనా" అన్నాను. అది నిజం కాబట్టే నాకు అంత బాధ.

ఆడ ఎట్లా చేస్తామో మీకందరికీ తెలుసు. ప్రతి వేసవిలో మనం న్యూజెర్సీలోని వర్థింగ్టన్ స్టేట్ ఫారెస్టుకు వెళ్తాం. డెలావేర్ నది ఒడ్డునే గుడారాలు వేసుకుంటాం. పొద్దున నీళ్ళ మీద ఆవిరి ఇంకా లేస్తుండగానే పిల్లలకు లైఫ్ జాకెట్లు తొడిగి పడవలు దింపుతాం. అక్కడ రాత్రి పది దాటితే మన గుంపులో గొంతు పెంచేవాడు ఉండడు. న్యూజెర్సీ స్టేట్ పార్కుల్లో మందు నిషేధం కనుక ఎవరూ ఆ సీసాలు తేరు. చెట్లను తినే పురుగు కొత్తచోటికి పాకుతుందని బయటి కట్టెలు తేవొద్దంటే, దగ్గర్లో కొన్న కట్టెలతోనే చలిమంట వేసుకుంటాం. ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి ఇడ్లీ పిండి గిన్నె దగ్గర్నుంచి పిల్లల టూత్‌పేస్టు దాకా రాత్రికి కార్లో పెట్టి తాళం వేస్తాం. సాంబారు గిన్నెలు నదిలో ముంచం, నీళ్ళు మోసుకొచ్చి దూరంగా కడుగుతాం. సన్‌ఫిష్ పాండ్ దాకా కొండెక్కినప్పుడు, అందులో ఈత కూడదని బోర్డుంది కాబట్టి చెమటలు కారుతున్నా ఒక్కరూ దిగరు. అరటితొక్క కూడా జేబులో వేసుకొని కిందికి తెస్తాం.

"అక్కడ ఫైన్ వేస్తారు కాబట్టి" అని యాత్రలో ఒక అన్నయ్య అన్నారు. నేను ఒప్పుకోను. సన్‌ఫిష్ పాండ్ దగ్గర మనల్ని కాపలా కాసే రేంజర్ని మీరెప్పుడైనా చూశారా? "ఇక్కడ చెత్తబుట్టలేవీ?" అన్నారు ఇంకొకరు. అక్కడి కాలిబాట మీద మాత్రం ఉన్నాయా? ఉండవు. తెచ్చినవాళ్ళే పట్టుకుపోవాలన్నది అక్కడి పద్ధతి, మనం పాటిస్తున్నాం.

మనం పడవలు వేసుకునే ఆ నది కథ కూడా చెప్పాలి. 1955 వరదల తర్వాత అక్కడ టాక్స్ ఐలాండ్ దగ్గర పెద్ద ఆనకట్ట కట్టాలనుకున్నారు. 1962లో అనుమతి వచ్చింది. ఊళ్ళు ఖాళీ చేయించారు, ఇళ్ళు కూల్చారు. జనం ఏళ్ళ తరబడి పోరాడితే ఆనకట్ట ఆగిపోయింది. 1992లో ఆ ప్రాజెక్టునే అధికారికంగా రద్దు చేశారు. ఈ రోజు మన పిల్లలు తెడ్డు వేస్తున్న నీళ్ళు అట్లా దక్కినవే. ఎవరో పట్టించుకున్నారు కాబట్టి అది నదిలాగా మిగిలింది.

తలకోన ఉన్న శేషాచలం అడవి విషయంలో ఆ పట్టింపు మనకు లేదంటే నేను నమ్మను. మా నాన్న ఫాల్గుణ పౌర్ణమికి మమ్మల్ని ఆ అడవిలోని తుంబురు తీర్థానికి తీసుకెళ్ళేవాడు. పాపవినాశనం దగ్గర్నుంచి నడక. ముందురోజు రాత్రే అవ్వ చిత్రాన్నం కలిపి మోదుగాకుల్లో మూటలు కట్టి పెట్టేది. గుండ్రాళ్ళ మీద అడుగు జారుతుంటే ముందుపోయేవాళ్ళు వెనక్కి తిరిగి చెయ్యి అందించేవాళ్ళు. ఎవరి పిల్లలో, ఏ ఊరో అడిగేవాళ్ళు కారు. "గోయిందా" అంటే చెయ్యి చాచాలి, అంతే. చివరికి రెండు కొండగోడలు దగ్గరకొచ్చి, పైన ఆకాశం సన్నటి చీలికయ్యే చోట మోకాళ్ళ లోతు, కొన్ని చోట్ల నడుము లోతు నీళ్ళలో దిగి నడవాలి. ఆ నీళ్ళు ఎముకలు కొరికేవి. అందులో ఉమ్మితే నాన్న వీపు మీద ఒక్కటిచ్చేవాడు. సబ్బు తేకూడదు. అరిస్తే కొండ మీది తేనెపట్టు కదులుతుందని గుసగుసగా మాట్లాడమనేవాడు. బండల మీదే తుండుగుడ్డ పరుచుకొని పడుకున్న ముసలివాళ్ళను చూశాను. వాళ్ళకు గుడారం లేదు, స్లీపింగ్ బ్యాగ్ లేదు. అడవిలో ఎట్లా మసలుకోవాలో మాత్రం పూర్తిగా తెలుసు.

తిన్న ఆకులు అక్కడే ఒక పక్కన పడేసేవాళ్ళం. తప్పు లేదు, అవి నాలుగు వానలకు మట్టిలో కలిసిపోయేవి. మన చేతి అలవాటు అదే ఉండిపోయింది, చేతిలోది మోదుగాకు కాకుండా థర్మోకోల్ అయింది. ఉప్పు వాసనకు జింకలు పాలిథిన్ కవర్లు నమిలి మింగేస్తాయి, అవి కడుపులో ఉండలు కట్టుకొని చచ్చిపోతాయి. ఊళ్ళో మనవాళ్ళను మొరటువాళ్ళని తిట్టే ముందు ఇది ఆలోచించమంటాను. ఆ అవ్వల తరానికి ఎవరూ బోర్డులు పెట్టలేదు.

ఆదివారం తలకోనకు వచ్చే తిరుపతి, చెన్నై జనం కూడా ఇదే చేస్తున్నారనేది నిజమే. మన బృందంలో మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళున్నారు, వాళ్ళకు వేళకు భోజనం పెట్టాలన్నదీ న్యాయమే. యాత్రలో భాగంగా మనం బడిపిల్లలకు సైకిళ్ళిచ్చాం, ఆ మంచి నేను కాదనను. కానీ ముందురోజు తిరుమలలో మనమే ఎట్లున్నాం? కొండ మీద ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు నిషేధం అనగానే అందరూ రాగిసీసాలు, గాజుసీసాలు పట్టుకొని తిరిగాం. ఒక్కరూ విసుక్కోలేదు. ఏడుకొండలున్న శేషాచలం అడవే తలకోన దాకా సాగింది. స్వామి ఉన్న చోట ఒక నడత, స్వామి కొండల వెనక ఇంకో నడత ఎందుకుండాలి?

ఆ అడవి 2010లో బయోస్ఫియర్ రిజర్వు (జీవావరణ రక్షిత ప్రాంతం) అయింది, ఆంధ్రప్రదేశ్‌లో మొదటిది. ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా అడవిగా పెరగని ఎర్రచందనానికి ఈ కొండలూ, వీటి చుట్టుపక్కల తూర్పు కనుమలే పుట్టిల్లు. బెట్టుడుత అనే పెద్ద ఉడుత, దేవాంగపిల్లి, బంగారు బల్లి ఉన్నాయక్కడ. చెట్టు మీంచి చెట్టు మీదికి పాకిపోయే గిల్లతీగ ఉంది, దాని కాయ మన పిల్లల చేతికన్నా పొడవుంటుంది. డెలావేర్ మీద తెల్లతల గద్ద కనబడితే పేరు పెట్టి పిలిచే మన పిల్లలకు బెట్టుడుత అనే మాటే తెలియదు. ఆ స్పీకర్ మోతలో అది కనబడే అవకాశమూ లేదు. తిరుపతి కుళాయిల్లోకి వచ్చే కల్యాణి డ్యాం నీళ్ళు, తిరుమలలో భక్తులు వాడే పాపవినాశనం నీళ్ళు ఈ కొండల మీద పడిన వానే. తలకోనలో జలపాతం కింది గుండంలోకి దిగొద్దని కట్టిన తాడు దాటి మనవాళ్ళు ఇద్దరు ముగ్గురు దిగారు. అట్లాంటి చోట్ల దూకి ప్రాణాలు పోగొట్టుకున్న కుర్రాళ్ళ వార్తలు మన ఊరి పేపర్లలో చదువుతూనే ఉన్నాం. ఆ తాడు దాటినవాళ్ళు డెలావేర్‌లో జాకెట్ లేకుండా పడవెక్కనివ్వని అన్నయ్యలే.

వచ్చే జనవరి యాత్రకు తలకోనను తీసేద్దామన్న మాట కొందరి నోట విన్నాను. దయచేసి తీయకండి. తీరు మార్చండి. అడవిని చూసుకునే ఊరివాళ్ళ సంఘం, నేరబైలు వన సంరక్షణ సమితి వాళ్ళతో ముందే మాట్లాడదాం. దారి చూపడానికి వాళ్ళ ఊరి పిల్లల్నే పెట్టుకొని మంచి కూలి ఇద్దాం. వాళ్ళు దిగొద్దన్న చోట దిగొద్దు. భోజనం ఆ ఊళ్ళోనే వండించుకొని ఆకు విస్తర్లలో వడ్డించుకుందాం. స్పీకరు, బ్యానరు బస్సులోనే ఉంచేద్దాం, ఫొటో బ్యానర్ లేకుండానే దిగుదాం. కుదిరితే ఒక రాత్రి అక్కడే బస చేసి, పొద్దున్నే పిల్లల్ని ఆ పిల్లోళ్ళ వెంట అడవిలోకి నడవనిద్దాం, పెద్దవాళ్ళు గుడి దగ్గర కూర్చుంటారు. వెళ్ళేటప్పుడు ప్రతి కుటుంబం చేతిలో ఒక సంచి, వచ్చేటప్పుడు అదే సంచి బస్సులోకి. ఆ చెట్టుకు కొట్టిన మేకు ఊడబీకించే పని మాత్రం జనవరి దాకా ఆగకూడదు, ఈ వారమే ఫోన్ చేసి చెబుదాం.

యాత్ర కమిటీ వచ్చే నెల కూర్చుంటోంది. ఇది ఎజెండాలో పెట్టమని అధ్యక్షులవారిని, కార్యదర్శిగారిని అడుగుతున్నాను. విస్తర్ల పని నాకప్పగించండి. తిరుపతి మార్కెట్లో మా వదిన ముందే మాట్లాడి పెడతానంది. ఎంతమంది వస్తున్నారో లెక్క చెబితే చాలు.