సెప్టెంబర్ 18న ఏం జరిగింది?

ఏటా సెప్టెంబర్ రెండో వారం వచ్చిందంటే ఒక ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం మొదలవుతుంది. షేర్వాణీలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ చేతులు జోడించి ఉంటారు. ఎదురుగా ధోవతి కట్టుకున్న సర్దార్ పటేల్. ‘పటేల్ ముందు లొంగిపోయిన నిజాం’ అని కింద రాసి ఉంటుంది. ఆ ఫొటో లొంగుబాటుది కాదు. హైదరాబాద్ సంస్థానాన్ని భారత యూనియన్‌లో కలపడానికి 1948 సెప్టెంబర్‌లో జరిగిన సైనిక దాడి, అంటే ‘పోలీసు చర్య’ ముగిసిన ఐదు నెలలకు, 1949 ఫిబ్రవరిలో పటేల్ హైదరాబాద్ వస్తే బేగంపేట విమానాశ్రయానికి నిజాం ఎదురేగి స్వాగతం పలికినప్పటిది. అప్పటికి ఆయన పదవి పోలేదు, ప్యాలెస్ పోలేదు.

తేదీలో ఐదు నెలలు అటూ ఇటూ అయితే ఏమైందని అడిగేవాళ్లు ఉంటారు. అసలు కథంతా ఆ ఐదు నెలల్లోనూ, ఆ తర్వాతి మూడేళ్లలోనూ ఉంది.

నిజాం లొంగిపోయిన 1948 సెప్టెంబర్ 17ను ఏమని పిలవాలి, విమోచనమా, విలీనమా, సమైక్యతా, విద్రోహమా అన్న గొడవ ఇక్కడ మళ్లీ చెప్పక్కర్లేదు. 2022లో ఒకే రోజు హైదరాబాద్‌లో కేంద్రం ఒక పేరుతో, రాష్ట్రం ఇంకో పేరుతో పోటాపోటీగా ఉత్సవాలు చేసుకోవడం చూశాం. 2024లో ప్రభుత్వం మారాక ‘ప్రజాపాలన దినోత్సవం’ అని మూడో పేరు పుట్టింది. ఈ పేచీ తెగకుండా ఉండటమే అన్ని పార్టీలకూ కావాలి. 17 గురించి కొట్టుకుంటున్నంత కాలం 18 గురించి ఎవరూ అడగరు.

అడుగుదాం. నిరంకుశుడి నుంచి ప్రజలకు విముక్తి దొరికిందంటున్నారు కదా, ఆ నిరంకుశుడికి ఏ శిక్ష పడింది? 1950 జనవరి 26న, దేశం గణతంత్రమైన రోజునే, ఆయన హైదరాబాద్ రాష్ట్రానికి రాజ్‌ప్రముఖ్, అంటే గవర్నర్‌లాంటి అధిపతి అయ్యారు. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా ఆ పదవిలోనే ఉన్నారు. ఏటా 50 లక్షల రూపాయల రాజభరణం అదనం. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, నిజమే. జాగీర్దార్లకు నష్టపరిహారం కూడా ముట్టింది. నిజాం కొమ్ముకాసిన సాయుధ దండు రజాకార్లను ఊళ్ల మీదికి ఉసిగొల్పిన ఖాసిం రజ్వీ 1957లో జైలు నుంచి విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు.

మరి నిజాం మీద, దొరల మీద తిరగబడినవాళ్ల సంగతి? 1946 జులై 4న కడవెండిలో పెద్ద భూస్వామి విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీకి దొడ్డి కొమరయ్య బలయ్యాడు. అక్కడి నుంచి కమ్యూనిస్టుల నాయకత్వంలో రాజుకున్న రైతాంగ పోరాటం గడీలను ఖాళీ చేయించింది, వెట్టిని ఆపింది, భూములు పంచింది. యూనియన్ సైన్యాలు దిగడానికి రెండేళ్ల ముందే ఆ ఊళ్లు తమను తాము విడిపించుకోవడం మొదలుపెట్టాయి. ఐదు రోజుల్లో నిజాం పని ముగించిన సైన్యం ఆ తర్వాత మూడేళ్లు ఎవరితో పోరాడింది? ఈ రైతులతోనే. పట్నాలకు పారిపోయిన దేశ్‌ముఖ్‌లు ఖద్దరు కట్టుకుని, గాంధీ టోపీ పెట్టుకుని, సైన్యం వెనకాలే ఊళ్లకు తిరిగొచ్చారు. పంచిన భూముల్లో చాలావరకు గుంజుకున్నారు. 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించాల్సి వచ్చింది. మరుసటి ఏడాది ఎన్నికల్లో నల్గొండ జనం ఆ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డిని నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు పంపి తమ తీర్పు చెప్పారు. ఈ తీర్పు ఏ ఉత్సవ వేదిక మీదైనా వినబడిందా?

ఇక రెండో సంగతి. ఇది ఇంకా ఇబ్బందికరమైనది. పోలీసు చర్య తర్వాత మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో ముస్లింల మీద దాడులు జరుగుతున్నాయని విని నెహ్రూ ఒక బృందాన్ని పంపారు. పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ 1948 నవంబర్ చివరి నుంచి మూడు వారాలకు పైగా తిరిగారు. ఎంత తక్కువ చేసి చెప్పినా 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయాయని వాళ్ల అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ బాగా దెబ్బతిన్నాయి. కొన్నిచోట్ల సైనికులే లూటీలకు ఉసిగొల్పారనీ రాశారు. రజాకార్ల ఘోరాలనూ వదల్లేదు. ఆ నివేదికలోనే ఇంకో మాట ఉంది. ముస్లిం నేతగాళ్లను కాపాడటానికి హిందూ నేతగాళ్లు అడ్డం నిలబడ్డారని, ఆ ప్రయత్నంలో ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారని. పటేల్‌కు నివేదిక నచ్చలేదు. అది దాదాపు 65 ఏళ్లు తొక్కిపెట్టి ఉండి, 2013కు గానీ ఢిల్లీలో నెహ్రూ మ్యూజియంలో జనం చూడ్డానికి అందుబాటులోకి రాలేదు.

చంపినవాళ్ల సంగతి దాస్తే ప్రాణమిచ్చి కాపాడినవాళ్ల సంగతి కూడా దానితోపాటే పోయింది. ఈ దాపరికం మీద నాకున్న పెద్ద కోపం ఇదే.

ఎవరికి వారు కత్తెర పట్టుకుని కూర్చున్నారు. బీజేపీ చెప్పే కథలో రజాకార్లుంటారు, వాళ్లు ఊరివాళ్లను ఊచకోత కోసిన భైరాన్‌పల్లి బురుజు ఉంటుంది. ఉండాల్సిందే. కానీ అందులో దొరలుండరు. విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం కోర్టుకెక్కి, హత్యకు గురైన షేక్ బందగీ ఉండడు. యూనియన్‌లో కలవాలని రాసినందుకు రజాకార్ల చేతిలో చనిపోయిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్ పేరు ఎప్పుడైనా వినబడుతుంది, అదీ పక్కన. ఉద్యమకాలంలో సెప్టెంబర్ 17ను అధికారికంగా జరపాలని గొంతు చించుకున్న టీఆర్‌ఎస్, గద్దెనెక్కాక నిజాంసాగర్, ఉస్మానియా కట్టించిన ‘మంచి నిజాం’ను కనిపెట్టింది. కాంగ్రెస్‌కు సుందర్‌లాల్ పేరెత్తితే టెన్షన్. కమ్యూనిస్టులు మాత్రం తక్కువ తిన్నారా? 1948 మేలో నిజాం సర్కారు తమ మీద నిషేధం ఎత్తేసినప్పుడు పార్టీలో పుట్టిన గందరగోళం గురించి వార్షిక సభల్లో మాట్లాడరు.

పాత గాయాలు కెలకడం ఎందుకు, ఒక్క రోజు జెండా ఎగరేసుకుని సంతోషిస్తే తప్పేంటి అనేవాళ్లున్నారు. రజాకార్ల హయాంలో బతికినవాళ్లకు ఆ రోజు నిజంగానే పండగే, కాదనలేం. సైన్యం రాకపోయి ఉంటే ఇంకెంత రక్తం పారేదో అన్నదీ సరైన ప్రశ్నే. కానీ గాయాన్ని కెలుకుతున్నది ఎవరు? రజాకార్ల పేరు చెప్పి ఇవాళ పాతబస్తీలో పుట్టిన కుర్రాణ్ని బోనెక్కిస్తున్నది ఉత్సవాలు చేసేవాళ్లే. పూర్తి కథ చెబితే ఆ పప్పులు ఉడకవు.

ఇదంతా హైదరాబాద్‌కే పరిమితమైతే సర్దుకుపోవచ్చు. మన దేశంలో ప్రభుత్వం చరిత్రను వక్రీకరించడానికి అబద్ధాలు రాయక్కర్లేదు, ఫైలు ఇవ్వకపోతే చాలు. 1962 చైనా యుద్ధంలో ఎందుకు ఓడిపోయామో తేల్చిన హెండర్సన్ బ్రూక్స్ నివేదికను ఏ పార్టీ ప్రభుత్వమూ బయటపెట్టలేదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు అడుగుతారు, అధికారంలోకి వచ్చాక దేశభద్రత అంటారు. 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం ప్రకారం పాతికేళ్లు దాటిన ముఖ్యమైన దస్త్రాలు జాతీయ అభిలేఖాగారానికి (నేషనల్ ఆర్కైవ్స్‌కు) చేరాలి. 1962, 1965, 1971 యుద్ధాల రికార్డులు తమ దగ్గర లేవని, చివరికి హరిత విప్లవానివి కూడా లేవని 2022 డిసెంబర్‌లో ఆ సంస్థ అధిపతే చెప్పారు. గెలిచిన 1971 యుద్ధం కాగితాలు కూడా ఇవ్వలేదంటే సిగ్గుపడి దాచారనుకోవడానికి వీల్లేదు. ఇది పట్టనితనం. దస్త్రం లేనిచోట వాట్సాప్ ఫొటోయే ఆధారమవుతుంది.

కాబట్టి సెప్టెంబర్ 17కు ఏ పేరు పెడతారో పెట్టుకోండి. నాకు అభ్యంతరం లేదు. సుందర్‌లాల్ నివేదికను తెలుగులో, ఉర్దూలో, మరాఠీలో, కన్నడంలో అచ్చువేసి బడి లైబ్రరీలకు ఇవ్వండి. 1948 నుంచి 1951 దాకా నల్గొండ, వరంగల్ పల్లెల్లో సైన్యం, పోలీసులు రాసుకున్న కాగితాలు ఏ శాఖ బీరువాలో ఉన్నా తీయండి. నిజాం కాలపు ఫర్మానాలు, భూముల రికార్డులు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, ఎక్కువగా పారసీలో, ఉర్దూలో. వాటిని చదవగలిగేవాళ్లు ఏటికేడు తగ్గిపోతున్నారు. నలుగురు కుర్రాళ్లకు ఆ లిపులు నేర్పించి జీతమిచ్చి కూర్చోబెట్టడానికి ఉత్సవాల ఖర్చులో ఎన్నో వంతు సరిపోతుంది. పరేడ్ గ్రౌండ్‌లో ఉపన్యాసం ముగించి బయల్దేరితే, ట్రాఫిక్ ఉన్నా సరే, తార్నాక అరగంట దారి.