ముందు డబ్బా, తర్వాతే బొమ్మ

తిరుపతికంటూ సొంత జ్ఞాపిక ఉండాలన్న మాట కొత్తది కాదు. మాట లేచిన ప్రతిసారీ గోపురమో, శంఖచక్రాలో ఖరారు చేస్తారు. ఆనక అది పట్టే డబ్బా కోసం వెతుకుతారు. ఆ వరస తిరగబడాలి. యాత్రికుడు కొన్న వస్తువు సంచిలో బట్టల మధ్య నలిగి, రైల్లో బెర్తు కింద దొర్లి ఇంటికి చేరుతుంది. ఆ ప్రయాణాన్ని తట్టుకోలేనిది షోకేసులో ఎంత మెరిస్తే ఏం?

గోపురాన్ని వదిలి, తిరుమల కొండపై సహజంగా ఏర్పడిన రాతి వంపు శిలాతోరణాన్ని ఎంచుకోవాలి. దేవుడి రూపం విరిగితే పారేయలేక రావిచెట్టు మొదట్లో పెట్టి వస్తాం. తోరణానికి ఆ చిక్కు లేదు, పైగా అలాంటిది ఇంకో ఊళ్లో దొరకడం అరుదు. దాని వెడల్పు సుమారు 25 అడుగులు, ఎత్తు 10. నూరో వంతుకు తగ్గిస్తే ఏడున్నర సెంటీమీటర్లు, మూడు సెంటీమీటర్లు, అరచేతిలో ఇముడుతుంది. అయితే పైన బండల్ని కలిపే సన్నటి భాగం దగ్గర కొలతను పట్టుకు వేలాడకూడదు. అక్కడ 8 మిల్లీమీటర్ల మందమైనా ఉండాలి.

చెక్కడానికి ఏర్పేడు దగ్గరి కొయ్యబొమ్మల ఊరు మాధవమాల ఉండనే ఉంది. చెక్కలో నార ఒక కాలి నుంచి ఇంకో కాలికి అడ్డంగా సాగాలి. నిలువు నారతో చెక్కితే చిన్న దెబ్బకే నడుమ పుటుక్కుమంటుంది. కర్రలో తేమ 12 శాతం దాటకూడదు. పచ్చికర్రతో చేసింది ఉత్తరాది చలికాలపు పొడిగాలికి నెర్రెలిస్తుంది. పాలిష్ పూర్తిగా ఆరకముందే చుడితే కాగితం దానికే అతుక్కుంటుంది. ఎర్రచందనం జోలికి మాత్రం పోవద్దు. కాగితాలు సరిగా లేకపోతే చెక్‌పోస్టులో ఇరుక్కునేది కొన్నవాడే.

రెజిన్ పోత చవక, వందా ఒకేలా వస్తాయి అంటారు. నిజమే. కానీ ఆ అచ్చు ఏ ఊళ్లోనైనా పోయొచ్చు, అప్పుడది తిరుపతి వస్తువెలా అవుతుంది?

ఇక డబ్బా. తిరుమలలో ప్లాస్టిక్ నిషేధం ఉంది కాబట్టి బబుల్ ర్యాప్, పారదర్శక కిటికీ, ల్యామినేషన్ మొదటిరోజే లెక్కలోంచి తీసేయాలి. మిగిలేది మూడు పొరల అట్ట. బొమ్మ పీఠాన్ని గాడి కోసిన అట్టలో బిగించాలి; తోరణం పైభాగానికీ మూతకూ మధ్య 5 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. బరువంతా పీఠమే మోయాలి. చాలామంది చేసే పొరపాటు తోరణం సందులో కాగితం కుక్కడం. డబ్బా కింద పడగానే ఆ కాగితమే నడుమను పైకి తన్ని విరగ్గొడుతుంది. పరీక్ష కష్టమేమీ కాదు: 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి ఒక మూల, మూడు అంచులు, ఆరు ముఖాల మీద ఒక్కోసారి చొప్పున మొత్తం పది సార్లు పడేయాలి. విరిగితే ముందు డబ్బాను మార్చాలి, తర్వాతే బొమ్మను.

డబ్బాపై నామాలు అచ్చేయొద్దు, చివరికి చెత్తబుట్టలో పడేది అదే. ఆ స్థలంలో తయారీదారు పేరు, చిరునామా, లోపలి వస్తువుల సంఖ్య, తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులతో ఎమ్మార్పీ, ఫిర్యాదుల నంబరు వేయాలి. ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం ఇవి తప్పనిసరి.

ఇన్ని జాగ్రత్తలూ ఒక్క మాట దగ్గర కూలిపోతాయి: ‘ముందు శాంపిల్ చూపించు’. మన దగ్గర నమూనాకు కూలి ఇవ్వరు. శిల్పి నాలుగైదు చెక్కి తెస్తాడు, తక్కువ ధర కోట్ చేసిన మరొకడు వాటిని చూసి అచ్చు తీయించుకుంటాడు. చేతిపనుల కొనుగోలును సిమెంటు బస్తాల కొనుగోలులా నడిపితే జరిగేది ఇదే. తక్కువ ధరవాడు మొదట కోసేది కర్ర ఆరబెట్టే గడువును, తర్వాత అట్ట మందాన్ని. పోగా పోగా అంగళ్లలో మిగిలేది పోత సరుకే, మాధవమాల పిల్లలు ఉలి వదిలి వేరే కూలికి పోవడమే.

అందుకే నమూనాల కూలి, పరీక్షలో పగిలే ముక్కల ఖరీదు టెండరులో విడి పద్దుగా చూపాలి. ఆమోదించిన నమూనాలు రెండింటికి సీలు వేసి, ఒకటి కొనేవాళ్ల దగ్గర, రెండోది చెక్కినవాళ్ల దగ్గర ఉంచాలి.