డబ్బు పంపే అన్నయ్య గార్డియన్ కాలేడు

"మేం పోయాక వాణ్ణి అన్నయ్య చూసుకుంటాడు." ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ తెలుగు ఇళ్లలో ఆటిజమో బుద్ధిమాంద్యమో ఉన్న పిల్లల సంగతి ఎత్తితే ముందుగా వినిపించే మాట ఇది. ఆ అన్నయ్యల్లో కొందరు ఈ పత్రిక పాఠకులే. అందుకే కాస్త కటువుగా చెప్తున్నాను: అమెరికా పౌరసత్వం తీసుకున్న అన్నయ్య తమ్ముడికి గార్డియన్, అంటే చట్టం గుర్తించే సంరక్షకుడు, కాలేడు.

బిడ్డకు 18 నిండితే అమ్మానాన్నలు కూడా చట్టం ముందు వాళ్లంతట వాళ్లే సంరక్షకులు కారు. ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ల కోసం 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. దాని ప్రకారం గార్డియన్‌ను నియమించమని జిల్లా కలెక్టర్ ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. గార్డియన్ భారత పౌరుడై ఉండాలన్నది నిబంధన. విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు పౌరసత్వం కాదు. ఆడపిల్లకు మగవాణ్ణి నియమిస్తే అతని భార్య కూడా సహ గార్డియన్‌గా ఉండాలి. వదినను ఎవరైనా అడిగారా?

బరంపురం వాళ్లు దీనికి జిల్లా కేంద్రమైన ఛత్రపురం వెళ్లాలి. గజపతి జిల్లా వాళ్లకు పర్లాకిమిడిలోనే పని. పింఛను కోసం, వైకల్య సర్టిఫికెట్ కోసం ఎలాగూ తిరుగుతారు. గార్డియన్ కాగితం మాత్రం బ్యాంకులో పని ఆగినప్పుడే గుర్తొస్తుంది.

మన సరిహద్దు కుటుంబాలకు ఇంకో చిక్కుంది. ఇల్లు పర్లాకిమిడిలో, పొలం ఆంధ్రాలో పాతపట్నం వైపు, మేనమామ విశాఖలో, అన్నయ్య న్యూజెర్సీలో. "పొలమంతా వాడి పేరనే రాసేశాం, ఇక టెన్షన్ లేదు" అంటారు. అసలు టెన్షన్ అక్కడే మొదలు. లెక్క తెలియని మనిషి పేర ఆస్తి పెడితే, గార్డియన్ లేనిదే కౌలుకివ్వడం కూడా తగువే. దానికంటే 1882 నాటి ట్రస్టుల చట్టం కింద కుటుంబ ట్రస్టు పెట్టి, ఆ ఆదాయం వాడి ఖర్చుకే వాడాలని రాయించడం మేలని నా అభిప్రాయం. ట్రస్టీల్లో ఒక్కరైనా బంధువు కానివారు, వయసులో చిన్నవారు ఉండాలి. అందరూ డెబ్బై దాటిన బాబాయిలైతే ట్రస్టు ఎన్నాళ్లు నడుస్తుంది?

గార్డియన్ ఆర్నెల్లలో ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఏటేటా లెక్కలు చూపాలి. "అయినవాళ్ల మధ్య లెక్కలేంటి" అని నొచ్చుకునేవాళ్లకు ఈ బాధ్యత అప్పగించకండి.

డబ్బు సంగతి సర్దుబాటు అయినా రోజూ అన్నం పెట్టే మనిషి కావాలి. మన పిల్లవాడికి కడుపునొప్పి వస్తే చెప్పేది అమ్మకు మాత్రమే అర్థమయ్యే తెలుగులో. రేపు సంరక్షణ హోమ్‌లో చేర్చితే, అక్కడ చూసే ఆయా ఒడియా ఆవిడ. వాడు ఏ మాటకు ఏం అడుగుతున్నట్టు, ఏ మందు ఎప్పుడు, ఏ శబ్దానికి భయపడతాడు, ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో తెలుగుతోపాటు ఒడియాలోనూ రాయించాలి. ఒడియా రాసే పిల్లలు మన ఇళ్లలో బోలెడుమంది ఉన్నారు. అమ్మానాన్నలు ఉండగానే వాణ్ణి అప్పుడప్పుడూ ఆ హోమ్‌లో కొన్నాళ్లు ఉంచి చూడాలి.

చాలాచోట్ల చివరికి చూసేది ఊళ్లో మిగిలిన పిన్ని కూతురు. ఆవిడ ఎలాగూ చేస్తుందిలే అనుకోవడం నాకు నచ్చదు. ఆవిడకు నెలజీతం ఎంత, ఏటా ఎంత పెంచాలి, ఆవిడ పుట్టింటికో ఆస్పత్రికో వెళ్తే బదులు ఎవరు, ఇవి ట్రస్టు పత్రంలోనే రాయించండి. ఈసారి సెలవులకు వచ్చే అన్నయ్యలు పెళ్లిళ్ల మధ్యలో ఒక పూట ఆవిడతో కూర్చుని, ముందు ఆవిడకు ఇష్టమో కాదో అడగండి.