కాలు ఎప్పుడు నలుగుతుందో!

ఫిలిప్పీన్స్ జానపద నృత్యాలు కట్టిన పెద్దలకు ప్రేక్షకుడి మీద బొత్తిగా నమ్మకం లేదని నా గట్టి అభిప్రాయం. ఉత్త ఆట ఆడితే వీడు పక్కవాడితో కబుర్లలో పడతాడని వాళ్లకు ఆనాడే తెలుసు. అందుకే ఆటలో కాస్త ప్రమాదం కలిపారు. లుబాంగ్ ద్వీపం వాళ్ల పండంగో సా ఇలావ్‌లో నెత్తిన ఒక నూనె దీపం, రెండు చేతుల మీద చెరొకటి పెట్టుకుని తిరుగుతారు. పంగసినాన్ వాళ్ల బినాసువాన్‌లో దీపాల బదులు గ్లాసులు, వాటిలో బియ్యంతో చేసిన వైన్. చుక్క ఒలకకూడదు. కూచిపూడి తరంగంలో నర్తకిని ఇత్తడి పళ్లెం ఎక్కించిన మన పెద్దలకూ ఇదే అనుమానం ఉండి ఉంటుంది.

అన్నిటికీ మించింది లెయ్టే ద్వీపపు టినిక్లింగ్. ఉచ్చులు తప్పించుకుంటూ నడిచే టిక్లింగ్ పిట్టను చూసి కట్టారంటారు. ఇద్దరు ఎదురెదురుగా కింద కూర్చుని రెండు వెదురు బొంగులు ఆడిస్తారు. రెండు దెబ్బలు కిందికి, ఒకటి బొంగుకూ బొంగుకూ ఠప్పున. ఆ ఠప్పుకు ముందే ఆడేవాళ్ల ఉత్త పాదాలు సందులోంచి బయటపడాలి. పోనుపోనూ జోరు పెరుగుతుంది.

1920లలో ఫ్రాన్సిస్కా రేయెస్ అక్వినో ఊరూరా తిరిగి ఇలాంటి ఆటల అడుగులన్నీ రాసుకున్నారు. పాపం, ఆవిడ అడుగులు చూశారు. మనం చూసేది అడుగు తప్పడం కోసం.

మనీలాలో టూరిస్టులకు ఈ ఆటను డిన్నర్‌తో పాటు వడ్డిస్తారు. బొంగుల జోరు పెరిగేకొద్దీ స్పూన్లు ఆగుతాయి, ఫోన్లు లేస్తాయి. అందరి చూపూ చీలమండల మీదే. కాలు నలగాలని ఎవరూ కోరుకోరు, మనం అంత దుర్మార్గులం కాదు. నలిగితే మాత్రం వీడియోలో పడాలి. ఎవరికీ ఏమీ కాలేదని తేలాక కొట్టే చప్పట్లలో రవ్వంత నిరాశ వినిపిస్తుంది.

తర్వాత ప్రేక్షకులను స్టేజీ మీదికి పిలుస్తారు. దావోలో మెడిసిన్ చదివే కూతురిని చూసి, తిరుగు ప్రయాణంలో మనీలాలో ఆగిన తెలుగు తండ్రి ఒకాయన బూట్లు విప్పి, ప్యాంటు మడిచి ఎక్కేస్తాడు. ఆయన తాళంతో సంబంధం లేకుండా గెంతుతుంటే, కింద కూర్చున్న ఇద్దరూ ఆ గెంతులకే తాళం మార్చుకుని, కాలు అడ్డొచ్చినప్పుడల్లా బొంగులు ఎడంగా లాగి ఆయన్ను కాపాడతారు. రాత్రికి ఫ్యామిలీ గ్రూపులో వీడియో: ‘అయిదు నిమిషాల్లో నేర్చేసుకున్నా’. కింద ‘సూపర్ బావా’లు. అందులో బొంగులూ లేవు, ఆ ఇద్దరూ లేరు. మొహం బాగా రావాలని వాళ్లావిడ మోకాళ్ల పైనుంచే తీసింది.