హెమరేజిక్ సిస్ట్ రిపోర్టుకు ఆపరేషనే మందు కాదు

కర్నూలు, ఆదోని వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది: ‘స్కానింగ్‌లో హెమరేజిక్ సిస్ట్ అని వస్తే అది నెత్తురుగడ్డ. నెలలోపు తీయించకపోతే పగిలి ప్రాణం పోతుంది, లేదా క్యాన్సర్ అవుతుంది. మాత్రలతో కరగకపోతే, పిల్లలు పుట్టినవాళ్లు గర్భసంచితో సహా తీయించుకోవడం మేలు.’ అది పగలొచ్చన్న మాట నిజం. మిగతాదంతా అక్కర్లేని కోతకు దారి.

‘క్యాన్సర్ అవుతుంది.’ కాదు. అండాశయంలో అండం విడుదలైన చోట ప్రతి నెలా కార్పస్ లూటియం అనే తాత్కాలిక గ్రంథి ఏర్పడుతుంది. అక్కడి సన్నని రక్తనాళం చిట్లి లోపల నెత్తురు నిలిస్తే అదే ఈ సిస్ట్. అందుకే నొప్పి ఎక్కువగా నెలసరికి వారం, పది రోజుల ముందు, పొత్తికడుపులో ఒక పక్కనే వస్తుంది. స్కానింగ్‌లో లోపల వలలాంటి సన్నని గీతలో, ముడుచుకుంటున్న గడ్డో కనిపిస్తుంది. రక్తప్రసరణను చూపే డాప్లర్ స్కానింగ్‌లో లోపలి భాగంలో ప్రసరణ ఉండదు. ప్రసరణ ఉన్న ముద్ద కనిపిస్తే మాత్రం ఆ రిపోర్టును వదిలేయకూడదు. క్యాన్సర్ అనుమానంతో చేసే సీఏ-125 రక్తపరీక్ష ఒక్కటే చూసి భయపడొద్దు: నెలసరి సమయంలోనూ, గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే ఎండోమెట్రియోసిస్‌లోనూ, ఈ సిస్ట్ వల్లా అది పెరుగుతుంది.

‘నెలలోపు తీయించాలి.’ నెలసరి వస్తున్న స్త్రీకి, స్కానింగ్‌లో పై లక్షణాలే స్పష్టంగా ఉండి సైజు 5 సెంటీమీటర్ల లోపుంటే సాధారణంగా మళ్లీ స్కానింగే అక్కర్లేదు. దాటితే 6 నుంచి 12 వారాల తర్వాత, నెలసరి మొదలైన 3వ రోజుకూ 10వ రోజుకూ మధ్య చేయించాలి. ఆ తర్వాత వెళితే కొత్త నెల సిస్ట్‌ను పాతదిగా పొరబడే ప్రమాదం ఉంది. పాత ఫిల్ము వెంట తీసుకెళ్లాలి. అప్పటికీ తగ్గకపోతే అది ఎండోమెట్రియోమానో (ఎండోమెట్రియోసిస్ వల్ల వచ్చే సిస్ట్), డెర్మాయిడో (వెంట్రుకలు, కొవ్వు ఉండే మరో రకం సిస్ట్) కావచ్చు. ఆపరేషన్ మాట అప్పుడు ఆలోచించాలి.

‘మాత్రలతో కరుగుతుంది.’ గర్భనిరోధక మాత్రలు ఉన్న సిస్ట్‌ను త్వరగా కరిగించవు. కొత్తవి రాకుండా ఆపుతాయి, అంతే. నొప్పికి పారాసెటమాల్ 650 మిల్లీగ్రాములు, ఆరు గంటలకొకటి. నొప్పి తగ్గేదాకా బరువులు ఎత్తకూడదు, కలయిక మానాలి.

‘పగిలితే ప్రాణం పోతుంది.’ చాలావరకు ఆ నెత్తురు దానంతటదే ఆగిపోతుంది. ఆసుపత్రిలో మొదట చేయాల్సింది గర్భ పరీక్ష, ట్యూబెక్టమీ అయినా సరే. ట్యూబులో గర్భం పగిలినా నొప్పి ఇలాగే ఉంటుంది, కానీ దాన్ని కనిపెట్టుకొని కూర్చునే వీల్లేదు. తర్వాత నాడి, బీపీ చూస్తూ, నాలుగు నుంచి ఆరు గంటలకోసారి హిమోగ్లోబిన్ పరీక్షించాలి. అవి నిలకడగా ఉంటే కత్తి అక్కర్లేదు. నాడి వేగం పెరిగి, బీపీ పడిపోయి, హిమోగ్లోబిన్ తగ్గుతుంటే లాపరోస్కోపీ చేయాలి. అప్పుడూ వీలైనంతవరకు సిస్ట్ మాత్రమే తీసి అండాశయాన్ని నిలబెట్టాలి. అలలు అలలుగా నొప్పి, వాంతులు ఉంటే అండాశయం మెలిపడి ఉండొచ్చు. డాప్లర్ బాగుందన్న ఒక్క కారణంతో ఇంటికి పంపకూడదు. కళ్లు తిరిగి పడిపోయినా, భుజం నొప్పి వచ్చినా, పొట్ట ఉబ్బినా 108కి ఫోన్ చేసి రక్తనిధి, సర్జరీ వసతి ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లండి.

‘గర్భసంచితో సహా.’ సిస్ట్ ఉన్నది అండాశయంలో, గర్భసంచికి దీంతో సంబంధం లేదు. గర్భసంచితో పాటు చిన్న వయసులో రెండు అండాశయాలూ తీసేస్తే ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. గర్భసంచి తొలగింపుల్లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు ఆంధ్రప్రదేశ్‌ను ముందు వరుసలో చూపుతుంటే, ఇలాంటి మెసేజ్ పంచడం చాలా బాధ్యతారాహిత్యం.

నిజంగా జాగ్రత్తపడాల్సినవాళ్ల గురించి అందులో ఒక్క ముక్కా లేదు. గుండె వాల్వు మార్పించుకొని రక్తం గడ్డకట్టకుండా అసిట్రోమ్, వార్ఫరిన్ లాంటి మాత్రలు వాడే స్త్రీలకు నెత్తురు ఎక్కువగా పోవచ్చు, మళ్లీ మళ్లీ రావచ్చు. వాళ్లు వెంటనే ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చూసే పరీక్ష) చేయించుకోవాలి. మాత్ర సొంతంగా ఆపితే వాల్వులో నెత్తురు గడ్డ కట్టొచ్చు. నెలసరి ఆగి ఏళ్లు గడిచిన స్త్రీలో అండమే విడుదల కాదు కాబట్టి, హెమరేజిక్ సిస్ట్ అని రాసిన రిపోర్టును అక్కడితో వదిలేయకుండా, సైజు ఎంతైనా గైనకాలజిస్టుకు చూపించాలి.